వాసనకి చుట్టరికం లేదు

ఎక్కడో విదేశంలో పరుగుపందెం గెలిచిన కుర్రాడి దగ్గర పతకం వెనక్కి తీసేసుకున్నారట. జలుబుకి మింగిన మాత్రలో ఉండకూడనిదేదో ఉందట. మొన్న పొద్దున మావారు పేపరు మడుస్తూ "రూలు రూలే" అన్నారు. రూలు రూలే అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాఫీ గ్లాసు టక్కున కిందపెట్టి వాదనకి సిద్ధమయ్యాను. తీరా నోరు తెరిచేసరికి, ఎదురుగా గోడ లేదు, పేపరు లేదు, మావారూ లేరు. తెల్లటి మంచు, మంచులో అంతకన్నా తెల్లటి ఎడ్లు, రెండు పెద్ద చేతుల మధ్య ఒక ఎద్దు ముట్టె, దానిమీదికి వంగిన ఒక ముక్కు కనిపించాయి.

ఆ ముక్కు మా పెదమావయ్యది. ఆయన పోయి రెండేళ్లు దాటింది.

మావయ్యది నందివెలుగు. మా అమ్మకి పెద్దన్నయ్య. నన్ను పేరుపెట్టి పిలిచింది తక్కువ. బి.ఏ. చదివి ప్రతిదానికీ అడ్డం మాట్లాడతానని "ప్లీడరు" అనేవాడు. ఆయన గురించి చెప్పడానికి పొలం ఎంత, పిల్లలెందరు అని మొదలుపెడితే ఏమీ చెప్పినట్టు కాదు. ముక్కుతో మొదలుపెట్టాలి. మా పెళ్లినాడు పందిట్లో పురోహితుడు మంత్రం చదువుతుంటే వెనకనించి "అన్నం అడుగంటుతోంది, చూడండర్రా" అన్నది ఆయనే. వంటశాల పెరట్లో ఉంది, ఆయన వీధివైపు కూర్చున్నాడు. మేముండే తెనాలి వచ్చినప్పుడల్లా హోటల్లో కాఫీ తెప్పించుకుని, కప్పు మీద ఒక్కసారి వంగి, "ఇది పొద్దుటి డికాషన్ బాబూ" అని తిప్పిపంపేవాడు. వాన ఏ ఊరిమీద పడుతోందో మట్టివాసనని బట్టి చెప్పేవాడు. అది నిజమో కాదో ఎవరూ ఆ ఊరు వెళ్లి చూసిరాలేదు కాబట్టి ఆ విద్యలో ఆయనకి తిరుగులేకపోయింది.

ఈ ముక్కుకి ఒక పదవి ఉండేది. నవ్వకండి. అది ఏ ప్రభుత్వమూ ఇచ్చింది కాదు. మా ప్రాంతంలో బండలాగుడు పందేలంటే తెలియనివాళ్లు లేరు. బరిలో బరువైన రాతిబండ, దానికి గొలుసు, గొలుసుకి కాడి, కాడికింద ఒక జత. గడువులోపల ఎంతదూరం లాగితే అంత పేరు. పేరు కోసం కొందరు ఎడ్లకి సారా పట్టించేవాళ్లు. అవి పేరుకి మద్యనిషేధం ఉన్న రోజులు. మనుషులకి దొరక్కపోయినా ఎడ్లకి దొరికేది. తాగిన ఎద్దు నొప్పి తెలియకుండా లాగుతుంది, ఆ తరవాత నాలుగు రోజులు మేత ముట్టదు. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. బండ కట్టేముందు మూతి వాసన చూడాలి. సారా వాసన వస్తే ఆ జత బయటికి. చూసేది మావయ్య.

ఆ పూట ఆయన కాఫీ తాగడు, చుట్ట కాల్చడు, ఉల్లిపాయ తినడు. పలకరిస్తే తల ఊపుతాడు, అంతే. కోతలైపోయిన పొలంలో మంచు ఇంకా లేవకుండానే జతలన్నీ వరసగా నిలబడేవి. కాళ్లు మంచులో మునిగిపోయి, మూపురాలూ కొమ్ములూ మాత్రం పైకి తేలుతూ, అవి నేలమీద ఉన్నాయని నమ్మబుద్ధయ్యేది కాదు. మావయ్య ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి, ముందు తన ఊపిరి పక్కకి వదిలేసి, ముట్టెని రెండుచేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఎద్దు ఊపిరి వదిలేదాకా ఆగేవాడు. వెచ్చటి ఆవిరి ఆయన మొహాన్ని కప్పేసేది. తీర్పు మాటల్లో చెప్పేవాడు కాదు. బాగుంటే మూపురం మీద ఒక్క చరుపు. బాగాలేకపోతే పక్కనున్న చెంబు అందుకుని చేతులు కడుక్కునేవాడు. జతగాళ్లు కిక్కురుమనకుండా కాడి విప్పుకుని వెళ్లిపోయేవాళ్లు.

నోరుండగా ఈ మూగసైగలేమిటని అడిగాను. "నోటితో అంటే నింద వేసినట్టుంటుందే. చేతులు కడుక్కుంటే వాళ్ల సంగతి వాళ్లకి తెలుస్తుంది" అన్నాడు. ఆ మర్యాద చూసుకుని ఆయనకి కొంచెం గర్వం కూడా.

ఆయన తప్పు చేయడా అంటే చేశాడు. ఒకసారి పులిసిన కుడితిని సారా అనుకుని ఒక జతని పంపించేశాడు. తరవాత నిజం తెలిసి ఆ ఊరు వెళ్లి, వాళ్ల అరుగుమీద కూర్చుని, "ముక్కు అబద్ధం చెప్పదయ్యా, ముక్కున్నవాడు చెబుతాడు" అని ఒప్పుకుని వచ్చాడు.

నాకూ ఆయనకీ మాత్రం తెగని వాదం ఒకటుండేది. పందెపు ఎడ్లకి ఉడకబెట్టిన ఉలవలు, పత్తిగింజలు, నువ్వులనూనె, నెయ్యి, పచ్చిగుడ్లు పెట్టేవాళ్లు. "ఏ ఎద్దు గుడ్డు కావాలని అడిగింది మావయ్యా? గడ్డి తినే పశువు నోట్లో గుడ్డు కొట్టిపోస్తే బలమా, సారా పోస్తే మోసమా? పాలేరు ఎడ్లకి వట్టి గడ్డి, మీ ఎడ్లకి నెయ్యి. ఇద్దరికీ ఒకటే బండ. ఇదేం న్యాయం?" అనేదాన్ని.

ఆయన "నెయ్యి ఒంట్లో కలిసి దాని బలం అవుతుంది. సారా రేపటి బలాన్ని ఇవాళే లాక్కొస్తుంది" అనేవాడు.

"మరి పాలేరు ఎడ్ల సంగతి?"

"అది నువ్వన్నదే నిజం" అని ఒప్పుకుని, మళ్లీ పందేనికి మళ్లీ చెంబు పట్టుకుని బయల్దేరేవాడు. ఒప్పుకున్నాక కూడా మారని మనిషితో ఏం వాదిస్తాం?

ఇక మా పిన్ని సంగతి చెప్పాలి. మా అమ్మకి చెల్లెలు, మావయ్యకి ఆఖరి చెల్లెలు. రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్లో ఇచ్చారు. బాబాయి ఒక జత కోడెదూడల్ని తెచ్చి, వాటికి పళ్లు రాకముందే పోయాడు. పిన్ని వాటిని పెంచింది. పెద్దోడు, చిన్నోడు అని పిలిచేది. నలుగురూ నవ్వినా పట్టించుకోక తనే కాడి అలవాటు చేయించింది, తనే బండ కట్టించింది. మరుదులిద్దరికీ అది గిట్టలేదు. మగదిక్కు లేని కొట్టంలో పందెపు ఎడ్లేంటి, అన్న ఎడ్లు తమకి రావాలని పెద్దల్లో పెట్టారు. పెద్దలు మధ్యేమార్గం అనుకుని ఒక మాట అన్నారు. బాపట్ల పందెంలో జత మొదటి మూడింట్లో నిలబడితే పిన్ని కొట్టంలోనే ఉంటుంది. లేదా, మరుదుల కొట్టానికి పోతుంది. పిన్ని సరేనంది. ఆ జత ఓడిపోతుందని ఆవిడకి కలలో కూడా తోచలేదు.

జతని రెండురోజుల ముందే నడిపించుకుంటూ బయల్దేరారు. కర్లపాలెం దాటాక ఒక రైతు, ఇంత అందమైన జతని ఎక్కడా చూడలేదని మురిసిపోయి, మంచుతో తడిసిన పిల్లిపెసర మేత కోసి మోపెడు వాటిముందు పడేశాడు. అభిమానంతో వేసింది కాదనకూడదని పిన్ని ఊరుకుంది. పచ్చి పిల్లిపెసర, అందులోనూ తడిది, ఎద్దుకి పడదని ఆవిడకి తెలుసు. కానీ పెట్టినవాడి మొహం చూసింది. పొద్దుగూకేసరికి చిన్నోడి కడుపు డోలులా ఉబ్బి, నేలమీద కూలబడిపోయాడు. ఆ ఊళ్లోనే ఎవరి దగ్గరో సారా సంపాదించి, ఇంగువ, వాము, అల్లం కలిపి వెదురుగొట్టంతో పట్టించారు. కాసేపటికి లేచాడు. ఎవరి ఎద్దుకైనా అదే మందు, ఎవరైనా అదే పోస్తారు.

తోలేవాడు వేపాకు నమిలించి నోరు కడుగుదాం, వాసన పోతుంది అన్నాడట. పిన్ని వాడిని కసిరింది. "చూసేది మా అన్నయ్య. మా అన్నయ్య దగ్గర దాచడమేంటి?"

పందెంనాడు నేను తెనాలి నించి వెళ్లి పిన్నితో పాటు ఒక బండి చాటున నిలబడ్డాను. మంచు ఇంకా విడలేదు. మావయ్య మా పక్కనించే వెళ్తుంటే పిన్ని ముందుకొచ్చి, చిన్నోడికి దారిలో ఉబ్బరం చేసిందనీ, సారాలో ఇంగువ కలిపి పట్టించాననీ, వాసన వస్తుందనీ చెప్పింది. ఎలాంటి సంకోచం లేదు ఆ గొంతులో. నిజం చెప్పేస్తే చాలు, ఇక భయం లేదనుకునేవాళ్ల గొంతు అది. మావయ్య తల ఊపి వెళ్లిపోయాడు.

చిన్నోడి దగ్గరికి వచ్చాక ఆయన కళ్లు మూసుకున్నాడు. వాడు అలవాటుగా ఆయన ముంజేతిని నాకాడు. ఆయన చేతుల ఉప్పంటే వాడికి దూడప్పటినించీ ఇష్టం. మావయ్య చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నాకైతే ఆ మంచు కూడా కదలడం మానేసినట్టనిపించింది. తరవాత వంగి చెంబు అందుకున్నాడు.

నీళ్లు నేలమీద పడిన చప్పుడు నాకు వినిపించింది. అంతదూరం నించి వినిపించే అవకాశం లేదని మావారంటారు. నాకు వినిపించింది.

పిన్ని మాట విన్న పందెం పెద్దలే "మందుకేగా, పోనివ్వండి" అన్నారు. ఎదుటి జతవాళ్లలో ఒకాయన కూడా లాగనివ్వమన్నాడు. మావయ్య చెంబు కిందపెట్టి తరవాతి జత వైపు కదిలాడు. నేను బరి అడ్డంగా దాటి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"మందుకీ మత్తుకీ తేడా లేదా మావయ్యా?"

"ఉంది."

"చాటుగా తాగించినవాడూ, ముందొచ్చి చెప్పినావిడా ఒకటేనా?"

"కాదు."

"మరి?"

"వాసనకి చుట్టరికం లేదే ప్లీడరూ. ఇవాళ మీ పిన్నిని వదిలితే, వచ్చే ఏటికి ఈ జిల్లాలో ప్రతి ఎద్దుకీ కడుపుబ్బరమే."

ఆ మాట తప్పని నేను అనలేదు. ఇప్పటికీ అనను. అంతమాత్రాన ఆయన చేసింది న్యాయమని నేను ఒప్పుకోను. తప్పు చేసినవాడికీ నిజం చెప్పినవాడికీ ఒకే చెంబుతో నీళ్లు పోసే కట్టుబాటు, కట్టుబాటే కావచ్చు, న్యాయం కాదు. వెనక గుంపులో ఎవడో "సొంత అన్న ముక్కుకే అందితే ఇంకేం చెబుతాం, ఆడవాళ్ల కొట్టంలోనూ సారాయేనా" అని నవ్వాడు. పిన్ని విన్నది.

మరుదులు అటునించి అటే జతని తోలుకుపోయారు. ఎడ్లు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాయి. పిన్ని తవుడు తట్ట చంకన పెట్టుకుని బస్సెక్కింది.

ఆ తరవాత అన్నతో మాట్లాడలేదు. మావయ్య ప్రతి పంటకీ నందివెలుగు నించి ఒక బస్తా పెసలు పంపేవాడు. ఆవిడ పెసలు దింపుకుని, గోనె ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి వెనక్కి పంపేది. ఆయన ఆ గోనెని ముక్కుదగ్గర పెట్టుకోవడం ఒకసారి చూశాను. ఏం వెతికాడో తెలియదు. సబ్బు తప్ప ఏముంటుంది అందులో?

డెబ్బైలు వచ్చాయి. సారాతో పాటు సూదులు కూడా వచ్చాయి. సూదిమందుకి వాసన ఉండదు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మావయ్య మాత్రం పందెం పొద్దున కాఫీ మానేసి, చుట్ట మానేసి, ముట్టెలు పట్టుకుని కళ్లు మూసుకుంటూనే ఉన్నాడు. కుర్రకారుకి అదొక ముచ్చట. "తాతయ్యగారి ముక్కు" అని చూడటానికి వచ్చేవాళ్లు.

రేపల్లె పందేనికి పిన్ని మరుదులు పెద్దోడినీ చిన్నోడినీ తెచ్చారు. నేను వెళ్లింది పిన్ని కోసం. ఆవిడ దూరంగా గట్టుమీద ఆడవాళ్లలో కూర్చుంది. అప్పటికి మంచు కరిగి, ఎండలో దుమ్ము పసుప్పచ్చగా తేలుతోంది. మావయ్య చిన్నోడి ముట్టె పట్టుకున్నాడు. చిన్నోడు నాకలేదు. ఆరోగ్యంగా ఉన్న ఎద్దు ముట్టె మీద చెమట బొట్లుబొట్లుగా ఉంటుంది. వాడిది ఎండిన మట్టిబెడ్డలా ఉంది. ఈగ వాలకుండానే డొక్క చర్మం వణుకుతోంది. మావయ్య చెయ్యి తీయలేదు. ఎద్దు ఊపిరి వదిలింది, తీసుకుంది, మళ్లీ వదిలింది.

ఆయన చెంబు అందుకున్నాడు.

పందెం నడిపే కుర్రాడు మర్యాదగానే అడిగాడు. "వాసన వచ్చిందాండి?"

"రాలేదు."

"మరి ఎందుకాపుతున్నారండి?"

"మందుంది. నాకు తెలుసు."

వాసన లేకుండా ఆపడం కట్టుబాటులో లేదు. పిన్ని పెద్దమరిది నవ్వుతూ ముందుకొచ్చాడు. "అప్పుడు వాసనొచ్చిందని చెల్లెలి దగ్గరున్నప్పుడు ఆపారు. ఇప్పుడు రాలేదని మా దగ్గర ఆపుతున్నారు. మీకు గొడవ ఎడ్లతోనాండి, మా ఇంటితోనా?"

జనం గొల్లుమన్నారు. ఎవరో మావయ్య భుజం పట్టుకుని మెల్లిగా తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి గోలీసోడా చేతికిచ్చారు. ఇంకొకాయన వచ్చి వాసన చూసి ఏమీ లేదన్నాడు. బండ కట్టారు. చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది, అంత అందంగా లాగిన జతని నేను మళ్లీ చూడలేదు. బండ నీళ్లమీద పడవలా పోయింది. మొదటి స్థానం వాళ్లదే. చిన్నోడికి ఆ తరవాత ఏమైనా అయిందా అంటే, ఏమీ కాలేదు. చాలాకాలం బతికాడు. మావయ్య చెప్పింది నిజమో, ముసలితనపు అనుమానమో, తేల్చే దారి ఎవరికీ లేదు. నాకు తెలుసు అన్నాడు, అంతే.

మావయ్యా నేనూ తెనాలి రైలుకోసం రేపల్లె స్టేషన్‌కి వచ్చాం. సాయంత్రపు వెలుగులో పట్టాలు గులాబీరంగు తిరిగాయి. మావయ్య బెంచీమీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. ప్లాట్‌ఫారం మీద అడవులదీవి నించి వచ్చిన చేపలబుట్టల ఆడవాళ్లు, టీ అమ్మే మనిషి, ఇంకో నలుగురైదుగురు తప్ప ఎవరూ లేరు. నన్ను సాగనంపడానికని పిన్ని వచ్చింది. వచ్చి నా పక్కన కాదు, ఆయన ఎదురుగా నిలబడింది.

"ఇవాళ వాసన రాకపోయినా తెలిసింది నీకు" అంది.

ఆయన తలెత్తాడు. అన్నేళ్లకి విన్న గొంతు.

"ఊఁ."

"ఆ రోజు వాసన వచ్చినా తెలుసు కదా అన్నయ్యా, నేను మత్తుకి పట్టించలేదని."

"తెలుసమ్మా."

"జతని ఆపినందుకు కాదు నా కోపం. కట్టుబాటు కోసం ఆపావు, ఆపుకో. ఆ మాట అక్కడ నలుగురిలో అని ఆపాల్సింది. మోసగాళ్లతో పాటు నాకూ చేతులు కడిగేసుకున్నావు."

నేను అన్నేళ్లు వాదించాను. ఎడ్లకోసం, మందుకోసం, న్యాయంకోసం వాదించాను. పిన్నికి కావలసింది ఇంత చిన్నదని నాకు తట్టనే లేదు. మావయ్యకీ తట్టలేదు. ఏమీ అనకపోవడమే మర్యాద అనుకున్నాడు పాపం.

దూరంగా రైలుకూత వినిపించింది. మావయ్య బెంచీమీద చెయ్యి ఆనించి లేచాడు. కండువా సర్దుకున్నాడు. చేపలబుట్టల వైపు, టీ మనిషి వైపు, ఆ ఖాళీ ప్లాట్‌ఫారం అంతటివైపూ తిరిగి, పందెపు బరిలో ఏనాడూ ఎత్తని గొంతెత్తి అన్నాడు.

"ఇదిగో, అందరూ వినండి. ఈవిడ నా చెల్లెలు. ఎద్దుకి కడుపుబ్బరం చేస్తే మందుగా సారా పట్టించింది. మత్తుకోసం కాదు. మోసం కాదు. నాకు తెలుసు, నేనే చెప్పలేదు."

టీ మనిషి కెటిల్ పట్టుకుని నిలబడిపోయాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పిన్ని మొహం ఎర్రబడింది. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. "ఊరుకో అన్నయ్యా, రైలొచ్చింది."

చేపలబుట్ట తలకెత్తుకోబోతున్న ముసలావిడ ఒకతి ఆగి, ఎంతో జాలిగా అడిగింది.

"అయితే ఎద్దుకి నెమ్మదించిందా అయ్యా?"

మావయ్య పిన్ని వైపు చూశాడు. పిన్నే చెప్పింది, ఆయన చెయ్యి వదలకుండా.

"ఆ, లేచి నడిచింది వదినా."